మూడు మీటర్ల లోపు

మార్చి 2

మరిదిగారికి,

మీ నంబరు బ్లాక్ చేశాను కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీ గొంతు వింటే నాకు రక్తపోటు పెరుగుతుంది, అక్షరాలైతే భరించగలను. పైగా రేపు మీరు ‘నేనలా అనలేదే’ అని నాలుక మడతేయడానికి వీలుండదు.

చిన్ని అంత్యక్రియల రోజున పదిమందిలో మనం అనుకున్నవి అనుకున్నాం. ‘మా చెల్లెల్ని కొండలెక్కించి చంపావు’ అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ‘ఆసుపత్రిలో ఉన్నప్పుడు కనబడని అక్క ఇప్పుడు ప్రత్యక్షమైంది’ అని మీరన్నారు. జబ్బు సంగతి ఆఖరి వారం దాకా నాకు చెప్పకుండా దాచిన మనిషి ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలో నాకు తెలియదు. అందుకే ఆ రోజు దాని బట్టలన్నీ మూటగట్టి తెచ్చేసుకున్నాను. ఒక్క గుడ్డ కూడా మీకు మిగల్చకూడదనే తెచ్చుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. మా అమ్మ కత్తెర మీ ఇంట్లో ఉంది. పిడికి నల్ల రంగు ఊడిపోయి, బొటనవేలు పెట్టే చోట ఇనుము అరిగి నున్నగా అయిన పెద్ద కత్తెర. దాంతోనే అమ్మ ఊరందరి బట్టలూ కత్తిరించి మమ్మల్నిద్దర్నీ పెంచింది. మీరు కొత్త ఇంట్లో చేరినప్పుడు కర్టెన్లు కత్తిరించాలని చిన్ని పట్టుకెళ్ళింది, మళ్ళీ ఇవ్వలేదు. ఆసుపత్రిలో నా ముందే మీతో ‘అమ్మ కత్తెర అక్కకి ఇచ్చెయ్’ అని చెప్పింది. మీరు తలూపారు. మా కుట్టు యూనిట్‌లో కటింగ్ టేబుల్ మీద కరెంటుతో నడిచే బ్లేడు ఉంది, నాకు కత్తెర అవసరమేమీ లేదు. అది నాది కాబట్టి నాకు కావాలి.

గుడ్డలో చుట్టి పార్సిల్ చేయండి. మొన కిందికి పెట్టండి.

మీ వదిన


మార్చి 12

వదినగారికి,

మీ ఉత్తరం దుకాణానికే వచ్చింది. అద్దాలు అరగదీసే యంత్రం ఆపి చదివాను, మళ్ళీ ఆన్ చేసేసరికి ఒక కస్టమర్ కళ్ళద్దం పాడైంది. ఆ పాపం మీ ఖాతాలో వేశాను.

జబ్బు సంగతి మీకు చెప్పొద్దన్నది చిన్ని. ఎందుకో మీరే ఆలోచించుకోండి. చెబితే మీరు రైలెక్కి వచ్చి, డాక్టర్ని తిట్టి, నర్సుని తిట్టి, నన్ను తిట్టి, చివరికి దాన్ని కూడా ‘నువ్వు సరిగ్గా తినవు’ అని తిడతారని అది భయపడింది. నేను దాచలేదు, మాట నిలబెట్టుకున్నాను.

మీరు మూటగట్టిన బట్టల్లో తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న నీలం ఉన్ని స్వెటర్ ఉంది. చీరలు తీసుకోండి, చెప్పులు తీసుకోండి, నేనేమన్నా అన్నానా? ఆ స్వెటర్ చివరి నెల దాకా చిన్ని ఒంటి మీద నుంచి తీయలేదు. అది నేను ఉతకలేదు. ఎందుకు ఉతకలేదో మీకు చెప్పాల్సిన పని లేదు. మీ పెదనాన్న కొడుకు ద్వారా రెండుసార్లు అడిగించాను, మీరు నవ్వారట.

కత్తెర సంగతి వినండి. మేమిద్దరం సెలవుల్లో ఆడే ఆట మీకు తెలుసు, దాన్ని జియోకాషింగ్ అంటారు. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు, ఇంకొకరు చేతిలో జీపీఎస్ యంత్రం పట్టుకుని వెతుకుతారు. ‘పెద్దవాళ్ళయ్యి దాగుడుమూతలేంటి’ అని మీరు వెక్కిరించేవారు. మన రెండు ఊళ్ళకూ మధ్యనున్న ఆ కొండ మీదే చిన్నిని నేను చంపానని పదిమందిలో అన్నారు కదా. కత్తెర అక్కడే ఉంది. మూతకు రబ్బరు రింగున్న పొడుగాటి స్టీలు డబ్బాలో పెట్టి, మీరలా అన్న వారానికే వెళ్ళి దాచి వచ్చాను. అంకెలు చీటీ మీద రాసి జత చేశాను. యంత్రం కొనే పని కూడా లేదు, చిన్నిది ఆ స్వెటర్ జేబులోనే ఉంటుంది. అది నాదానికి జంట.

ఇచ్చెయ్యమంది, ఇచ్చేశాను. మీరు కొండెక్కి తీసుకోవాలి, అంతే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగి, మీ చెల్లెలు ఆ దారిలో ఎంత నవ్వుతూ నడిచేదో తలుచుకోండి. స్వెటర్ పంపితే డబ్బా ఎలాంటి చోట ఉందో ఒక ముక్క చెబుతాను, పంపకపోతే లేదు.

మీ మరిది


మార్చి 30

మరిదిగారికి, కాదు, ఇక గారూ లేదు, మీరూ లేదు,

నువ్వు మనిషివి కాదు.

ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. చిన్ని యంత్రం నొక్కితే పలికింది. అంకెలు ఒకటికి రెండుసార్లు సరిచూసి ఎక్కించాను. బాణం గుర్తు చూపించిన వైపు నడిచాను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. రెండుచోట్ల కూర్చున్నాను, ఒకచోట జారాను. పైన ఒక పెద్ద రాతి గోడ, దాని ముందు పొదలూ బండలూ. అక్కడికి వెళ్ళాక యంత్రం ‘సున్నా’ అంది. పక్కనే ‘కచ్చితత్వం మూడు మీటర్లు’ అని కూడా చూపించింది.

నేను బట్ట కత్తిరించేదాన్ని. మూడంటే మూడే. టేపు తీసి, మధ్యలో ఒక రాయి పెట్టి, చుట్టూ మూడు మీటర్లకు సుద్దతో గిరి గీశాను. ఆ గిరిలో ప్రతి రాయీ ఎత్తి చూశాను. ప్రతి పొద మొదలూ చేత్తో తడిమాను. చేతికి దొరికింది తేలొకటి, పాత సీసా మూత ఒకటి. డబ్బా లేదు, కత్తెర లేదు, గాడిద గుడ్డు కూడా లేదు.

కొండ దిగుతుంటే అర్థమైంది. కత్తెర నీ బీరువాలోనే ఉంది. ముసలిదాన్ని ఎండలో మోకాళ్ళ మీద పాకించి, నువ్వు ఇంట్లో కూర్చుని నవ్వుకోవాలని ఈ ఎత్తు వేశావు. నా చెవిలో పూలేమైనా కనబడుతున్నాయా నీకు? మా అమ్మ వస్తువుతో ఆడుకున్నావు, నా ఉసురు తగలకపోదు.

స్వెటర్ నా దగ్గరే ఉంది. దాన్ని నేను ఏం చేస్తానో ఇంకా తేల్చుకోలేదు.

వదిన


ఏప్రిల్ 9

వదినగారికి,

సుద్దతో గిరి గీశారా! మూడు సార్లు చదువుకుని నవ్వాను. చిన్ని పోయాక నేను నవ్వడం అదే మొదలు, అందుకు మాత్రం థాంక్స్.

కళ్ళద్దాల పనిలో నేను కూడా కొలతల మధ్యే బతుకుతాను. అద్దం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే కస్టమర్ మెట్లు దిగలేడు. కాబట్టి కొలత అంటే ఏమిటో నాకు మీరు చెప్పక్కర్లేదు, నేనే మీకు చెబుతాను.

ఆ తెర మీద ‘మూడు మీటర్లు’ అన్నది హామీ కాదు, అంచనా. యంత్రం తన గురించి తాను చెప్పుకునే గొప్ప అనుకోండి. అక్కడ పదిసార్లు నిలబడితే ఓ ఆరుసార్లు ఆ మూడు మీటర్ల లోపు ఉంటారేమో. మిగతాసార్లు గీత దాటుతుంది, ఒక్కోసారి రెండింతలు, మూడింతలు దాటుతుంది. మీరు కొలతలు తీసుకునేటప్పుడు మనిషి కదలకుండా నిలబడతాడు. ఉపగ్రహాలు నిలబడవు, ఆకాశంలో తిరుగుతూనే ఉంటాయి. నిన్న సున్నా చూపించిన చోట ఇవాళ ఏడు చూపిస్తుంది.

ఇది మీ యంత్రం తప్పు మాత్రమే. డబ్బా పెట్టిన రోజు నా యంత్రానికీ ఒక తప్పుంటుంది. నా తప్పు తూర్పుకు, మీ తప్పు పడమరకు లాగాయంటే రెండూ కలిసి దూరం ఇంకా పెరుగుతుంది. ఇంకొకటి, రాతి గోడ దగ్గర సంకేతం నేరుగా రాదు, గోడకు తగిలి తిరిగి వస్తుంది. ఆలస్యంగా వచ్చింది కాబట్టి యంత్రం తానెక్కడో దూరంగా ఉన్నాననుకుంటుంది. తల్లో బుద్ధి ఉన్నవాళ్ళు ఏం చేస్తారంటే, వెనక్కి వెళ్ళి ఆకాశం బాగా కనబడే చోట యంత్రాన్ని కాసేపు స్థిమితపడనిస్తారు. నాలుగు వైపుల నుంచి నడిచి వస్తారు. ప్రతిసారీ సున్నా ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుంటారు. ఆ గుర్తులు గుంపుగా పడ్డచోట వెతుకుతారు. నిలబడిపోతే బాణం పిచ్చెక్కినట్టు తిరుగుతుంది, దాన్ని పట్టించుకోరు.

నేను అబద్ధాలాడనని చిన్నికి తెలుసు. మీకు తెలియకపోతే ఆ నష్టం మీదే. మళ్ళీ ఎక్కండి. ఇప్పటికీ చెబుతున్నాను, స్వెటర్ పంపితే ఆ ఒక్క ముక్క రాస్తాను.

మరిది


ఏప్రిల్ 28

మరిదికి,

నీ పాఠం చదివాను. మా యూనిట్‌లో కాజాలు కుట్టే అమ్మాయికి కూడా చదివి వినిపించాను. ‘ఆయన బాగానే చెప్పాడు మేడమ్, చెప్పే పద్ధతికి మాత్రం చెంప పగలగొట్టాలి’ అంది.

రెండు ఆదివారాలు వెళ్ళాను. చెప్పినట్టే చేశాను, ఎందుకంటే నీ మాట తప్పని నీ మాటతోనే రుజువు చేయాలనుకున్నాను. మైదానంలో యంత్రాన్ని బండ మీద పెట్టి, అది స్థిమితపడేదాకా పక్కనే కూర్చుని తిట్టుకున్నాను. నాలుగు వైపుల నుంచీ వచ్చాను. సున్నా పడిన ప్రతిచోటా సుద్ద గుర్తు పెట్టాను. పిల్లాడి చొక్కా బొత్తాలు తెగి నేల మీద దొర్లినట్టు పడ్డాయి గుర్తులు. అయినా ఎక్కువగా ఒకే బండ చుట్టూ పడ్డాయి. ఆ బండ చుట్టూ, దానికి అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు, నేలంతా జల్లెడ పట్టాను. లేదు.

అంటే యంత్రం చెప్పాల్సింది చెప్పింది, నేను చేయాల్సింది చేశాను. ఇక తప్పు ఎక్కడుందో నీకు పాఠం చెప్పాల్సిన పని లేదనుకుంటాను. నువ్వు దొంగవి. చనిపోయిన పెళ్ళాం మాట మీద కూడా నిలబడని దొంగవి.

స్వెటర్ ఇంకా ఉతకలేదు. బకెట్ తీసి పెట్టాను, సబ్బు పొడి కొన్నాను. మంచి వాసన వచ్చేదే కొన్నాను, నిమ్మ వాసన. నెలాఖరు దాటాక మరో పదిరోజులు చూస్తాను.

వదిన


మే 8

వదినగారికి,

సబ్బు ముట్టుకోకండి. ముందు ఇది చదవండి.

మీ ఉత్తరం అందిన మర్నాడే సెలవు పెట్టి కొండకు వెళ్ళాను. డబ్బా తీసి, ఫోటో తీసి, మీ మొహాన కొట్టాలని వెళ్ళాను. నా యంత్రం, నేను రాసిన అంకెలు. తిన్నగా అదే బండ దగ్గరికి తీసుకెళ్ళింది, మీ సుద్ద గుర్తులు కూడా ఉన్నాయి. గోడ ఎదురుగా ఉంది, గోడలో పగుళ్ళున్నాయి. నేను పెట్టింది పగులులోనే. ఇదిగో, స్వెటర్ పంపితే చెబుతానన్న ముక్క ఇదే, ఇక దాచి ఏం లాభం. అక్కడున్న ప్రతి పగులులో చెయ్యి పెట్టాను. జారి కింద పడిందేమోనని పొదల కింద పాకాను. సాయంత్రం దాకా పాకాను. లేదు.

దాచినవాడికే దొరకలేదంటే అర్థం ఒక్కటే. మీరు మొదటి ఆదివారమే తీసుకుని ఉంటారు. తీసుకుని, దొరకలేదని రాసి, నన్ను దొంగను చేసి, చివరికి స్వెటర్ కూడా ఉంచుకోవాలని ఈ నాటకం ఆడారు. సుద్ద గిరీ బొత్తాలూ అన్నీ కథే. మెచ్చుకోవాలి, నాకంటే బాగా పగ పట్టడం తెలుసు మీకు.

సరే, మీరే గెలిచారు. కత్తెర ఉంచుకోండి. అది మీదే, ఎప్పుడూ కాదనలేదు. స్వెటర్ మాత్రం ఉతక్కండి. పంపకపోయినా ఫరవాలేదు, మీ బీరువాలోనే పెట్టండి, కానీ ఉతక్కండి. ఇంట్లో ఇంకెక్కడా చిన్ని వాసన లేదు. దిండు గలీబు కూడా మీరే పట్టుకెళ్ళారు.

మరిది


మే 15

మరిదికి,

ఎంత చక్కగా తిప్పావు! కత్తెర నువ్వు కొండ మీద నుంచి తెచ్చేసుకుని, నేను తీసుకున్నానని నా మీదికే నెట్టావు. ‘మీరే గెలిచారు’ అట. గెలిచినదానికి చేతిలో ఏముందో చూడు, మోకాలి నొప్పులకు పూసుకునే మందు తప్ప ఏమీ లేదు.

చిన్ని ఆ కత్తెర తిరిగి ఇవ్వనన్నప్పుడు మాకు పోట్లాట వచ్చింది. చిన్ని ఏడ్చింది, నేను వదిలేశాను. చిన్నది కదా అని ప్రతిసారీ వదిలేశాను. చిన్నిని నీకు వదిలేశాను, కొండలకు వదిలేశాను, చివరికి జబ్బు సంగతి తెలియనివ్వకుండా నన్నే వదిలించుకున్నారు మీరిద్దరూ. ఇక వదిలేది లేదు.

స్వెటర్ ఉతికాను. రెండుసార్లు. ఎండలో ఆరేశాను. ఇప్పుడు కొత్తదానిలా ఉంది.

వదిన


మే 22

వదినగారికి,

ఉతికారు. సరే.

మీ ఉత్తరం చదివాక దుకాణంలో కూర్చోలేకపోయాను. వెనక గదిలోకి వెళ్ళి, అరగదీసే యంత్రం చప్పుడు పెద్దది చేసి ఏడ్చాను. మిమ్మల్ని క్షమించను. ఈ జన్మలో జరగని పని అది.

ఇక దాచుకోవడానికి నాకేమీ లేదు కాబట్టి ఒక నిజం రాస్తాను. మీరు తీసుకోలేదని ఇప్పుడు నాకు తెలుసు. తీసుకుని ఉంటే ఉతికేవారు కారు. చేతికి కావలసింది దొరికినవాళ్ళకు అంత కోపం మిగలదు.

డబ్బా పెట్టిన రోజు కొండ మీద పొగమంచు. చేయి చాస్తే వేళ్ళు కనబడనంత మంచు. గోడ వెంట చేత్తో తడుముకుంటూ పోయి, చేతికి తగిలిన పగులులో డబ్బా తోశాను. అప్పుడు, ఆ గోడ కిందే, యంత్రం ఆన్ చేశాను. అది కళ్ళు తెరిచీ తెరవగానే చూపించిన మొదటి అంకెలు రాసుకున్నాను. నిమిషం కూడా ఆగలేదు. మూడు మీటర్లు అని చూపించింది, నమ్మాను. మీకు అంత పాఠం చెప్పినవాణ్ణి అందులో ఒక్కటి కూడా పాటించలేదు. మీ మీద కోపంతో ఉన్నాను, త్వరగా పని ముగించి దిగిపోవాలనుంది. అంటే మనిద్దరం వెతికిన బండ నా తప్పు చూపించిన బండ. డబ్బా ఆ గోడలో ఎక్కడో ఉంది, ఎంత దూరమో నాకు తెలియదు. ఆ గోడ పొడుగెంతో మీరు చూశారు.

జూన్‌లో వానలొస్తాయి. రబ్బరు రింగు పాతది, ఒకచోట చీలింది. అది తెలిసే పెట్టాను. మీ కత్తెరకు తుప్పు పట్టాలనే పెట్టాను.

మరిది


జూన్ 3

మరిదికి,

కత్తెర దొరికింది.

కొండ కింద టీ అమ్మే ఆవిడ నన్ను చూసి స్టూలు జరిపింది. నన్ను ప్రతి ఆదివారం చూసి చూసి ఆవిడకు జాలి పుట్టినట్టుంది.

“ఏం పోగొట్టుకున్నారమ్మా మీరంతా? నెల కిందట కళ్ళజోడాయన ఒకడొచ్చాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా పైన పాకాడట. ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగిపోయింది. టీ ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.”

“ఏమైనా అన్నాడా?” అన్నాను.

“వాళ్ళ వదినని తిట్టాడు. చాలాసేపు తిట్టాడు. చివర్లో, ఆవిడ మోకాళ్ళతో ఎలా ఎక్కిందో ఏమో అన్నాడు.”

ఆ మాట నాకు నచ్చలేదు. నీ జాలి నాకేం అక్కర్లేదు. డబ్బులిచ్చి పైకి ఎక్కాను.

ఈసారి యంత్రాన్ని జేబులోంచి తీయలేదు. దాని తప్పు, నీ తప్పు, నా తప్పు కలిపితే ఎక్కడికైనా తీసుకెళ్తుంది. బండ మీద కూర్చుని నీ గురించి ఆలోచించాను. ఇన్నేళ్ళుగా నిన్ను తిట్టుకోవడం వల్ల నాకు ఒక లాభం జరిగింది, నువ్వు నాకు బాగా తెలుసు. నువ్వు వంగవు. మా ఇంట్లో భోజనాల దగ్గర చెంచా కింద పడితే కాలితో బల్ల కిందికి తోసే మనిషివి. నీ మేజోళ్ళు ఏరలేక నడుం పోతోందని చిన్ని ఫోన్లో చెప్పేది. పాకడం నీకు వెతికేటప్పుడు వచ్చింది గానీ దాచేటప్పుడు రాదు. మంచులో, కోపంలో, గోడ వెంట నిలబడి తడుముకుంటూ పోయినవాడు డబ్బా ఎక్కడ పెడతాడు? ఛాతీ ఎత్తులో పెడతాడు. కుడి చేతివాడివి, దిగే దారి కుడి చేతి వైపే ఉంది, దిగిపోవాలనే తొందరలో ఉన్నావు. ఆ వైపు గోడ వెంట నీ ఎత్తుకు చెయ్యి చాచి నడిచాను. గోడ మలుపు తిరిగాక రెండో పగులులో వేళ్ళకు చల్లగా స్టీలు తగిలింది. టేపు పెట్టి కొలిచాను. నీ మూడు మీటర్లు ఇరవై ఆరు మీటర్లు మరిదీ.

అక్కడే కూర్చుని ఏడ్చాను. కత్తెర కోసం కాదు. నీ ఉత్తరంలో అది ఆ దారిలో నవ్వుతూ నడిచేదని రాశావు కదా. ఆ మలుపు దగ్గర నుంచి చూస్తే కింద నది, అవతల మా ఊరి నీళ్ళ ట్యాంకు కనబడతాయి. చిన్ని ఇక్కడ నిలబడి మా ఊరు చూసే ఉంటుంది, నువ్వు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే నేనూ ఒకసారి ఎక్కేదాన్నేమో. అది బతికుండగా.

ఒక అంచుకు తుప్పు పట్టింది. సానపట్టేవాడి దగ్గర కూర్చుని నా కళ్ళ ముందే పట్టించాను. ఇంటికొచ్చి పరీక్షించాలి కదా, ఏదో ఒక గుడ్డ కావాలి. స్వెటర్ తీశాను.

ఉతకలేదు. ఉతికానని రాసింది అబద్ధం. బకెట్లో నీళ్ళు పోశాను, సబ్బు కూడా కలిపాను. ముంచబోతూ మెడ దగ్గర వాసన చూశాను. ఇక చెయ్యి ఆడలేదు. ఆ నిమ్మ నీళ్ళు పెరట్లో పారబోశాను. ఈ మాట నీకు సంతోషం కలిగిస్తుందని తెలుసు, అందుకే ఇన్నిరోజులు చెప్పలేదు. నువ్వు ఏడ్చానని రాశావు, చదివి నాకు కడుపు చల్లబడింది. అబద్ధమాడను.

అది ముందు బొత్తాలున్న స్వెటర్. వీపు మధ్యలో మెడ నుంచి అంచు దాకా సుద్ద గీత గీసి, అమ్మ కత్తెరతో రెండు ముక్కలు చేశాను. ఒక్క కోత, ఎక్కడా ఆగలేదు. ఉన్ని పోగులు ఊడకుండా రెండు ముక్కలకూ అంచు ఓవర్‌లాక్ చేశాను. నీ మీద ఎంత కోపమున్నా పని చెడగొట్టను. జేబున్న కుడి సగం నా దగ్గర ఉంది, అది నీకు రాదు. ఎడమ సగం నీదే.

నిన్న కొండెక్కి దాన్ని దాచి వచ్చాను. అదే స్టీలు డబ్బాలో, చీలిన ఆ రింగుతోనే. యంత్రం గోడ కింద ఆన్ చేశాను, కళ్ళు తెరవగానే చూపించిన అంకెలు రాసుకున్నాను, నిమిషం కూడా ఆగలేదు. చీటీ జత చేశాను. కచ్చితత్వం మూడు మీటర్లట.

కొండ మీద మబ్బు పట్టి ఉంది. నీళ్ళు లోపలికి వెళ్తే ఉన్నిలో వాసన నిలవదు, నీకు నేను చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం చేతికందగానే బయలుదేరు. నేను నీలా నిలబడి పెట్టే రకం కాదు. మోకాళ్ళకు మందపాటి గుడ్డ కట్టుకుని వెళ్ళు, అక్కడ రాళ్ళు బాగా గుచ్చుకుంటాయి.

వదిన